క్షణభంగుర కణముల ఆయుర్దాయము

కాలమును కొలుచుటకు మన పూర్వులు వాడిన సాధనములలో గడియకుడుక ప్రసిద్ధమైనది. అడుగున సన్నని రంధ్రము గల గిన్నెను నీటిపై నుంచెడివారు. అది నిండి మునిగినచో ఒక గడియ, అనగా 24 నిమిషములు. గడియలో అరువదవ వంతు విగడియ. అది 24 సెకనులు. అంతకు చాల తక్కువైన కాలముతో పని పడినచో లోకమున 'రెప్పపాటు' అని చెప్పి ఊరకుండెడివారు. పెండ్లి ముహూర్తమునకు గాని, పొలమునకు నీరు పెట్టుకొను వంతునకు గాని అంతకు మించిన సూక్ష్మత అక్కరలేకపోయెను.

ఆ రెప్పపాటును సెకనులో అయిదవ వంతుగా లెక్కించినచో, ఆ స్వల్పకాలములో ఒకదాని వెంట నొకటిగా సుమారు తొంబది వేల తరములు పుట్టి గతింపగల వస్తువులు సృష్టిలో కలవు. అవి ఎక్కడనో నక్షత్రమండలమున ఉన్నవి కావు. పాఠకుడు ఏలూరులో మేడపై నున్నను, తాడేపల్లిగూడెము బజారులో నున్నను, కొల్లేటి నడుమ లంకగ్రామములో నున్నను, చాచిన అరచేతి గుండ సుమారు సెకనునకొకటి చొప్పున అవి దూసికొని పోవుచునే యున్నవి. వానికి మ్యూయానులని పేరు. అంతరిక్షమునుండి వచ్చు విశ్వకిరణములు మన వాయుమండలపు పైపొరలను తాకినపుడు, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున, అవి జనించును. ఎలక్ట్రానుకంటె మ్యూయాను 207 రెట్లు బరువైనది. దాని సగటు ఆయుర్దాయము సెకనును పదిలక్షల భాగములు చేయగా అందులో రెండు భాగములకు కొంచెము మించినది. నేటి కొలతను బట్టి 2.197 మైక్రోసెకనులు.

ఈ సంఖ్య ఎంత చిన్నదో మన ఊళ్ళ లెక్కలో చెప్పుకొందము. ఏలూరు స్టేషనునుండి తాడేపల్లిగూడెమునకు సుమారు 50 కిలోమీటర్లు. కాంతి యంతటి వేగముతో బయలుదేరిన వస్తువునకు ఆ దూరము పోవుటకు దాదాపు 165 మైక్రోసెకనులు పట్టును. మ్యూయాను తన ఆయుర్దాయములో పోగల దూరము ఈ లెక్కను బట్టి 660 మీటర్లు మాత్రమే. తాడేపల్లిగూడెము చేరవలెనన్నచో డెబ్బదికి పైగా ఆయుర్దాయములు కావలెను. అట్లైనచో 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టినది కొల్లేటి నీటివరకు ఎట్లు దిగి వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము తరువాత వచ్చును. అంతకంటె ముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. కంటికి కనబడక, చేతికి చిక్కక, ఇంత త్వరగా నశించు వస్తువుయొక్క ఆయువును కొలిచితిమని చెప్పుటకు మానవునకు గల ఆధారమేమి?

కొల్లేటివారికి ఈ విద్య కొంత తెలియును. వేసవిలో నీరు వెనుకకు తీసినపుడు ఒండ్రుమీద పక్షుల యడుగులు ముద్రపడి యుండును. పక్షి యెగిరిపోయిన పిమ్మట ఆ యడుగులను చూచి, ఇది గూడబాతు, ఇది కొంగ అని చెప్పగలవారు కలరు. అడుగు ఎంత లోతున దిగినదో చూచి బరువును, అడుగునకు అడుగునకు గల ఎడమును చూచి నడకను ఊహింతురు. భౌతికశాస్త్రవేత్త చేయునదియు ఇదియే. విద్యుదావేశము గల కణము ఛాయాచిత్ర ఫలకములోని లేపనము గుండ పోయినచో, దారి పొడవునను వెండి రేణువుల చాలు ఏర్పడును. రేణువులు దట్టముగా నున్నచో కణము మందముగా పోయినదని అర్థము. చాలు వంకరలు తిరిగినచో తేలికదని అర్థము. 1940 తరువాతి సంవత్సరములలో కలకత్తాకు చెందిన దేవేంద్రమోహన బోసు, బిభా చౌధురీ అను ఇరువురు డార్జిలింగు ప్రాంతపు కొండలపై ఇట్టి ఫలకములను నెలల తరబడి ఉంచి, ఆ చాళ్ళను బట్టి మెసానుల బరువును అంచనా కట్టిరి. యుద్ధకాలమగుటచే వారికి మేలైన ఫలకములు దొరకలేదు. ఆ మార్గమునే మంచి ఫలకములతో నడచిన బ్రిస్టలు నగరపు పవెలు బృందము 1947లో పయానును కనుగొనెను. 1950లో పవెలునకు నోబెలు బహుమతి వచ్చెను. ఫలకముల నాణ్యములోని భేదమునకు చరిత్ర చెల్లించిన వెల చాల పెద్దదని మేము తలంతుము.

కాని అడుగుజాడ బరువును చెప్పును గాని ఆయువును చెప్పదు. ఆయువునకు గడియారము కావలెను. ఇచ్చట ప్రకృతి చేసిన మేలొకటి కలదు. మనుష్యుని వలె ఈ కణములకు ముసలితనము లేదు. నిన్న పుట్టిన మనుష్యుడును, ఎనుబదేండ్ల వృద్ధుడును రేపు జీవించి యుండు అవకాశములు సమానములు కావు. మ్యూయానులకో, పుట్టి ఎంతకాలమైనను మిగిలిన సగటు ఆయువు ఎప్పుడును ఒక్కటే. కనుక దాని పుట్టుక ఎప్పుడో తెలియకపోయినను నష్టము లేదు. అది మన లోహపు దిమ్మెలో వచ్చి ఆగిన క్షణమున గడియారమును నడిపి, అది నశించి ఎలక్ట్రానును వెడలించిన క్షణమున నిలిపిన చాలును. ఇట్లు వేలకొలది మ్యూయానులను లెక్కించినచో, 2.2 మైక్రోసెకనులు గడచునప్పటికి మూడవ వంతుకంటె కొంచెము ఎక్కువ మిగిలియుండును, మరి 2.2 మైక్రోసెకనులకు అందులో మూడవ వంతుకంటె కొంచెము ఎక్కువ. ఒక్క మ్యూయాను ఏమియు చెప్పదు, గుంపు చెప్పును.

ఇక గడియారము మాట. ఇటలీ దేశస్థుడైన బ్రూనో రొస్సీ 1930లోనే రేడియో వాల్వులతో ఒక చిన్న వలయమును కల్పించెను. నేటి పెద్దల బాల్యములో రేడియోపెట్టె వెనుక ఎఱ్ఱగా వెలుగుచుండిన గాజు వాల్వులు ఆ జాతివే. రెండు మూడు గణకములు ఒకేసారి మ్రోగినపుడు మాత్రమే అది సాక్ష్యము నంగీకరించును. వేరువేరుగా మ్రోగినచో పట్టించుకొనదు. జాతివివక్ష శాసనముల మూలమున రొస్సీ 1938లో స్వదేశమును విడువవలసి వచ్చెను. అమెరికా చేరి, నెరెసను అను శిష్యునితో కలిసి, ఆగమనమునకు మరణమునకు మధ్య గల కాలమును విద్యుత్తుగా మార్చు ఉపాయమును కనిపెట్టెను. సమానమైన ధారతో పడు కుళాయి క్రింద చెంబు పెట్టి, మొదటి సంకేతమునకు కుళాయి విప్పి, రెండవ సంకేతమునకు కట్టినచో, చెంబులోని నీటిని బట్టి గడచిన కాలమును చెప్పవచ్చును గదా. నీటికి బదులు విద్యుత్తు, చెంబునకు బదులు కండెన్సరు. 1942, 1943 సంవత్సరములలో వారు పొందిన ఫలితము 2.15 మైక్రోసెకనులు. ఎనుబది యేండ్ల తరువాత, నేటి మహాయంత్రములతో కొలిచిన విలువకు అది ఎంత దగ్గరగా నున్నదో పాఠకులు గమనింతురు గాక.

అదే కాలమున రోము నగరములో కన్వెర్సీ, పిచ్చోనీ అను యువకులు ఈ కొలతకే పూనుకొనిరి. 1943 జులై 19న విశ్వవిద్యాలయపు పరిసరములపై బాంబులు పడెను. వారు తమ పరికరములను మూటకట్టుకొని, వాటికను నగరమునకు చేరువనున్న ఒక పాఠశాల నేలమాళిగకు మార్చి, అచ్చట పని సాగించిరి. పిమ్మట పంచీనీ అను మూడవవాడు వారితో చేరెను. అప్పటికి లోకమంతయు విశ్వకిరణములలోని మెసాను, 1935లో జపానువాడైన యుకావా ఊహించిన కణము ఒక్కటే యని నమ్మియుండెను. యుకావా కణము కేంద్రకమును బంధించు శక్తికి వాహకము. కనుక ఋణావేశము గల మెసాను ఏ పదార్థములో ఆగినను, తన ఆయువు తీరకమునుపే కేంద్రకము దానిని మ్రింగివేయవలెను. ఇనుములో అట్లే జరిగెను. కాని కర్బనములో ఆపి చూడగా, అవి మ్రింగుడుపడక తమంతట తామే నశించుచుండెను. ఈ సంగతి 1947లో ప్రకటితమయ్యెను. అనగా పదేండ్లు లోకము ఒకరి పేరుతో మరియొకరిని పిలిచినది. యుకావా కణము పయాను; మనము అరచేతులలో పట్టలేక విడుచుచున్నది మ్యూయాను. బరువులో వాని భేదము స్వల్పము. ఆ పొరపాటును బయటపెట్టినది కాలపు కొలత.

ఇప్పుడు 15 కిలోమీటర్ల సంగతి. వేగముగా పోవు వస్తువునకు కాలము మందగించునని ఐన్‌స్టీను చెప్పియుండెను. ఈ సూత్రము ప్రకారము వేగముగా పోవు మెసాను మన దృష్టికి ఎక్కువ కాలము జీవింపవలెనని 1938లో హోమీ భాభా ఎత్తి చూపెను. 1941లో రొస్సీ, హాలు అనువారు అమెరికాలోని కొలరాడో పర్వతములపై నొకచోటను, దిగువనున్న డెన్వరు నగరములో నొకచోటను లెక్కించి, మందముగా పోవునవి త్వరగా నశించుచున్నవనియు, వేగముగా పోవునవి నిలుచుచున్నవనియు చూపిరి. కొల్లేరువరకు మ్యూయాను దిగివచ్చుటకు కారణమిది.

ఈ కొలతల విద్యలో మన డెల్టాకు చెందిన పేరొకటి కలదు. భీమవరమునకు చేరువలోని గొరగనమూడి గ్రామమున 1896లో భూపతిరాజువారింట లక్ష్మీనరసింహరాజు జన్మించిరి. యౌవనమున ఇల్లు విడిచి, హిమాలయ ప్రాంతములలో సంచరించి, సన్న్యసించి, స్వామి జ్ఞానానంద యైరి. కాషాయము ధరించినవారు సాధారణముగా ప్రయోగశాల వైపు నడువరు. వారు మాత్రము ఐరోపాకు పోయి, డ్రెస్డెనులో ఆధునిక శాస్త్రములను చదివి, ప్రాగులోని చార్లెసు విశ్వవిద్యాలయమున ఎక్స్ కిరణముల వర్ణపటములపై పరిశోధించిరి. తరువాత ఇంగ్లండులోని లివర్‌పూలు నగరమున జేమ్సు చాడ్విక్కు ప్రయోగశాలలో బీటా కిరణములపై పనిచేసిరి. అటుపిమ్మట అమెరికాలోని మిచిగను విశ్వవిద్యాలయమునకు పోయిరి.

చాడ్విక్కు పేరు చెప్పగనే అందరును 1932లో న్యూట్రానును కనుగొన్నవాడని తలంతురు. అంతకు పూర్వమే, 1914లో బెర్లినునందు, ఆయన మరియొక చిక్కును లోకము నెత్తిన పెట్టెను. కొన్ని కేంద్రకములనుండి బీటా కిరణములు, అనగా ఎలక్ట్రానులు, వెలువడును. ఒకే జాతి కేంద్రకమునుండి వెలువడునవన్నియు ఒకే శక్తితో రావలెను గదా. చాడ్విక్కు కొలిచి చూడగా, సున్న మొదలు ఒక గరిష్ఠ పరిమితివరకు అన్ని శక్తులతోను వచ్చుచుండెను. మిగిలిన శక్తి ఎచ్చటికి పోయెను? శక్తి నిత్యత్వ సూత్రమే తప్పేమోయని కొందరు మహామహులు సందేహించిరి. కంటబడని కణమొకటి దానిని కాజేయుచున్నదని 1930లో పౌలీ ఊహించెను. ఆ కణమే న్యూట్రినో. 1956లో గాని అది సాక్ష్యమునకు చిక్కలేదు. ఇంతటి వివాదము ఒక వక్రరేఖయొక్క ఆకారము మీద నడచినది. ఆ వక్రరేఖను నమ్మదగునట్లు గీయుటయే బీటా వర్ణపటశాస్త్రము.

దాని పద్ధతి చెప్పుటకు సులభము. అయస్కాంతక్షేత్రములో పోవు ఎలక్ట్రాను వంపు తిరుగును. వేగముగా పోవు బండి విశాలమైన మలుపు తీసికొనునట్లు, శక్తిమంతమైన ఎలక్ట్రాను పెద్ద వంపు తీయును. బలహీనమైనది చిన్న వంపు తీయును. అయస్కాంతపు బలమును కొంచెము కొంచెముగా మార్చుచు, ప్రతి మెట్టునందును గణకమువద్దకు ఎన్ని చేరినవో లెక్కించిన చాలును. చేయుటలో గల కష్టము గాలి. దారిలో గాలి అణువు తగిలిన ఎలక్ట్రాను తన శక్తిని పోగొట్టుకొని అబద్ధపు సాక్ష్యమిచ్చును. కనుక పాత్రలోని గాలిని తోడివేయవలెను. మంచి పంపులతో వాయుపీడనమును పాదరసపు మిల్లీమీటరులో పదిలక్షలవ వంతునకు దింపినను, ఒక ఘన సెంటీమీటరు 'శూన్యము'లో ఇంకను సుమారు 3,300 కోట్ల అణువులు మిగిలియుండును. అయినను అవి అంత ఎడముగా నుండుటచే, ఒక అణువు మరియొకదానిని తాకుటకు ముందు సగటున యాబది మీటర్లు పోగలదు. ప్రయోగమునకు ఆ మాత్రము చాలును.

ఈ శూన్యమును సృష్టించుట, నిలుపుట, కొలుచుట యను విద్యపై స్వామి జ్ఞానానంద ఇంగ్లీషులో ఒక సమగ్రగ్రంథమును రచించిరి. 'హై వేక్యువా' యను ఆ పుస్తకము 1947లో అమెరికాలో వాన్ నోస్ట్రాండు సంస్థవారిచే ప్రకటితమయ్యెను. గొరగనమూడి బిడ్డ, అందులోను సన్న్యాసి, శూన్యమును గూర్చి వేదాంతగ్రంథము గాక పంపుల గ్రంథము వ్రాయుట మాకు మిక్కిలి ముచ్చటగా తోచును. కొత్త కణమును కనుగొన్నవానికి బహుమతులు వచ్చును. దానిని కొలుచు పాత్రలో గాలి చొరకుండ కాచినవాని పేరు ఎవరును తలపరు. కాని ఆ రెండవవాడు లేనిచో మొదటివాని మాట నిలువదు. స్వదేశమునకు తిరిగివచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసి, 1950 తరువాతి దశకములో వాల్తేరు చేరి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున అణుకేంద్ర భౌతికశాస్త్ర శాఖను వారు నడపిరి. బీటా, గామా కిరణముల వర్ణపటములే అచ్చటి ముఖ్యవిషయము. 1969లో వారు గతించిరి. ఆ ప్రయోగశాలలు నేడు వారి పేరుతోనే యున్నవి.

మ్యూయానుకంటెను అల్పాయుష్కములైన కణములు కలవు. విద్యుదావేశము గల పయాను సెకనులో నూరు కోట్లవ వంతునకు 26 రెట్లు నిలుచును. దీనిని ఇంకను గడియారముతో పట్టవచ్చును. కాని 1952లో చికాగోలో ఫెర్మీ బృందము పయానులను హైడ్రొజనుపై ప్రయోగించి చూచినపుడు జాడ తెలిసిన డెల్టా యను కణము సంగతి వేరు. (మన డెల్టా కాదు, గ్రీకు అక్షరము.) దాని ఆయువును వ్రాయవలెనన్నచో దశాంశబిందువు తరువాత 23 సున్నలు పెట్టి, పిమ్మట అంకె వేయవలెను. ఆ కాలములో కాంతియైనను ఇంచుమించు ఒక ప్రోటాను అడ్డుకొలత యంత దూరమే పోగలదు. ఇట్టిదానికి ఏ గడియారమును పనికిరాదు.

దీని కొలతను రేడియో ఉన్న ఇంటివారికి చెప్పుట తేలిక. మరను త్రిప్పుచు స్టేషనును వెదకునపుడు, మంచి సెట్టులో ధ్వని ఒక్క బిందువువద్ద పదునుగా వచ్చి, వెండ్రుకవాసి కదలించినను పోవును. నాసి సెట్టులో ఇటు కొంత, అటు కొంత కూడ వినవచ్చుచునే యుండును. మంచి సెట్టులోని వలయము ఒకసారి కంపించినచో చాలసేపు కంపించును. నాసిదానిలో కంపనము వెంటనే చచ్చిపోవును. నిలుకడ ఎక్కువైన కొలది పదును హెచ్చు. నిలుకడ తక్కువైన కొలది వెడల్పు హెచ్చు. కణములును అంతియే. పయాను శక్తి యను మరను త్రిప్పుచు, ఎచ్చట ఎన్ని తాకిళ్ళు జరిగినవో గీసినచో, 1232 మిలియను ఎలక్ట్రాను వోల్టులవద్ద ఒక శిఖరము లేచును. దాని వెడల్పు సుమారు 117. ఆ వెడల్పునుండియే ఆయువును లెక్కకట్టుదురు. పుట్టినదో గిట్టినదో తెలియని కణముయొక్క జాతకము కొండ వెడల్పులో వ్రాసియున్నది.

ఈ విధమైన కొలతలలో మిక్కిలి నిశితమైనది 1989 మొదలు జెనీవాలోని సెర్న్ సంస్థలో జరిగినది. భూగర్భమున 27 కిలోమీటర్ల వలయములో ఎలక్ట్రానులను, పాజిట్రానులను ఢీకొట్టించి, జడ్ అను బరువైన కణముయొక్క శిఖరమును గీసిరి. దాని వెడల్పును బట్టి సృష్టిలో తేలికైన న్యూట్రినోలు మూడే జాతులని తేలెను. ఆ పనిలో వారికి వింత చిక్కులు తగిలెను. వలయములోని కణముల శక్తి కారణము లేకుండ అణుమాత్రము మారుచుండెను. విచారింపగా చంద్రుని ఆకర్షణచే నేల ఉబ్బి, ఆ వలయపు చుట్టుకొలత మిల్లీమీటరు ప్రమాణమున హెచ్చుతగ్గులగుచున్నదని తెలిసెను. జెనీవా సరస్సులో నీరు పెరిగి తరిగినప్పుడును నేల కదలుచుండెను. బుడమేరు, తమ్మిలేరు పొంగిన నాడు కొల్లేరు చుట్టునున్న నేల మోయు బరువును ఎరిగినవారికి ఇది నమ్మరాని మాట కాదు. ఇవి చాలవన్నట్లు, సమీపమున పోవు వేగరైళ్ళ పట్టాలనుండి నేలలోనికి పారు విద్యుత్తుకూడ అయస్కాంతములను చలింపజేయుచుండెను. వారు చంద్రుని, సరస్సును, రైళ్ళను మూడింటిని లెక్కలోనికి తీసికొన్న పిమ్మటనే తమ సంఖ్యను ప్రకటించిరి.

అన్ని కథలును ఇట్లు ముగియవు. తమిళ, తెలుగు కార్మికులు తరతరములుగా దిగిన కోలారు బంగారు గనులలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, మన శాస్త్రవేత్తలు విదేశీయులతో కలిసి 1965లో వాయుమండలమునుండి వచ్చు న్యూట్రినోల జాడను తొలిసారి పట్టిరి. 1975లో అచ్చటినుండియే మరియొక వార్త వచ్చెను. పరికరములలోని కొన్ని జాడలు రాతిలో గాక గాలిలో ఒక బిందువునుండి చీలినట్లు కనబడెను. ప్రోటానుకంటె కొన్ని రెట్లు బరువై, సెకనులో నూరు కోట్లవ వంతు ప్రాంతమున జీవించు కొత్తకణము కావచ్చునని వారు వ్రాసిరి. లెక్కకు వచ్చినవి వ్రేళ్ళపై ఎన్నదగినవి. ఇతరులు యంత్రములతో వెదకినను అట్టివి దొరకలేదు. ఒక్క మ్యూయాను ఏమియు చెప్పదని పైన అంటిమి. కొద్దిపాటి జాడలును అంతే. అవి నేటికిని తేలని ప్రశ్నగానే నిలిచినవి. గనులు 2001లో మూతపడినవి.

బాగుగా తెలిసినదనుకొన్న కణమువద్దనే నేడు ఒక పేచీ నడచుచున్నది. చాడ్విక్కు కనుగొన్న న్యూట్రాను కేంద్రకములో నున్నంతవరకు చాలవరకు నిలుకడగా నుండును. బయట ఒంటరిగా విడిచినచో బీటా కిరణమును వెడలించి ప్రోటానుగా మారును. తక్కిన క్షణజీవులతో పోల్చిన ఇది దీర్ఘాయువు. గడియకుడుక మునుగుటకు ముందే, పదునాలుగు నిమిషములు దాటిన పిమ్మట, సగటున దాని కాలము తీరును. దీనిని కొలుచుటకు రెండు మార్గములు కలవు. న్యూట్రానులను సీసాలో నీటివలె బంధించి, కొంతసేపటికి ఎన్ని మిగిలినవో లెక్కించుట ఒకటి. ధారగా పారించి, దారిలో ఎన్ని ప్రోటానులు పుట్టినవో లెక్కించుట రెండవది. సీసావారి లెక్క సుమారు 878 సెకనులు. ధారవారి లెక్క సుమారు 888. రెండు పక్షములవారును తమ పొరపాటు ఒకటి రెండు సెకనులకు మించదని చెప్పుచున్నారు. ఆ పది సెకనుల తేడా, అనగా విగడియలో సగమునకు తక్కువైన కాలము, ఎచ్చటినుండి వచ్చినదో ఇంకను తేలలేదు.